గొట్టం ఎవరు తుడవమన్నారు?

ఏవిస్ మెక్‌స్కిమింగ్‌కి ఆ పొద్దున ఒళ్ళు మండిపోయింది. రైఫిల్ క్లబ్బు మైదానంలో గడ్డి మీద మంచు ఇంకా కరగలేదు. ఫ్లాస్కు మూత తిప్పి గుక్కెడు టీ అయినా పోసుకోలేదు. పరీక్షకని ముందురోజు అప్పజెప్పిన రైఫిళ్ళు బల్ల మీద ఉన్నాయి. తనది తీసుకుని, బోల్టు వెనక్కి లాగి, గొట్టాన్ని వెలుతురు వైపు పట్టి ఒక కన్ను మూసి చూసింది. లోపల గొట్టం కొత్త గిన్నెలా తళతళలాడుతోంది.

"దీన్నెవరు తుడిచారు?"

"నేనేనండీ మిసెస్ మెక్‌స్కిమింగ్!" అంటూ క్లైవ్ యాపిల్‌గార్త్ ముందుకొచ్చాడు. లోయలోని రైతులు కుందేళ్ళ బెడదకని పెట్టుకున్న కమిటీ ఈ మధ్యనే డునెడిన్ పట్నం నుంచి జీతానికి తెచ్చుకున్న అధికారి. ముప్ఫై దాటినవాడే గాని, మెచ్చుకోలు కోసం మొహం వంక చూసే అలవాటు ఇంకా పోలేదు. "ఒక్కొక్కదానికి అరగంట పట్టింది. ద్రావకం పోసి, బ్రష్షు వేసి, గుడ్డ తెల్లగా బయటికొచ్చేదాకా వదల్లేదు. మీ దాంట్లో ఎంత మసి ఉందో చెప్పలేను. ఎన్నేళ్ళయిందండీ తుడిచి?"

"పదకొండేళ్ళు."

"పదకొండా!"

"పదకొండేళ్ళు నేను కావాలని ఉంచుకున్న మసి అది. ఒక్క సాయంత్రంలో ఊడ్చి పారేశావు. గొట్టం ఎవరు తుడవమన్నారు నిన్ను?"

క్లైవ్ నవ్వాడు, ముసలావిడ వేళాకోళమాడుతోందనుకుని. నవ్వినందుకు ఏవిస్‌కి ఇంకా మండింది.

పక్కనే తమాతి పోహియో కూడా తన రైఫిల్ గొట్టంలోకి చూసి నాలుక చప్పరించాడు. పదిహేనేళ్ళుగా ఏవిస్‌తో కలిసి కొండెక్కుతున్న మనిషి. "ఆంటీ, ఈయనకి ఇంకో రాత్రి టైమిస్తే కుందేళ్ళకి కూడా తలంటు పోసేవాడు" అన్నాడు.

తుపాకీ శుభ్రంగా ఉంటే ఏడవడమేమిటని అడిగేవాళ్ళుంటారు. వాళ్ళు జింకల్ని కొట్టే పెద్ద రైఫిళ్ళ గురించి విన్నవాళ్ళు. కుందేళ్ళ మీదికి తీసుకెళ్ళే పాయింట్ టూ టూ సంగతి వేరు. దాని తూటా వేరుశనగ పప్పంత సీసం ముక్క, పైన పల్చగా మైనం పూత. కాల్చినప్పుడల్లా ఆ మైనం కాస్త, సీసం కాస్త గొట్టం లోపల అంటుకుంటుంది. పాతిక ముప్ఫై తూటాలు పోయేసరికి ఆ పూత కుదురుకుంటుంది. ఆ తర్వాత తూటా చూపించిన చోటికి వెళ్తుంది. పూత ఊడ్చేస్తే మళ్ళీ పాతిక పోయేదాకా ఒకటి కుడికి, ఒకటి ఎడమకి. తూటా రకం మార్చినా ఇదే తంటా, ఒకదాని మైనం మీద ఇంకొకటి సరిగ్గా నడవదు. థిస్టిల్ క్రీక్ లోయలో ఈ మాట తెలియని రైతు లేడు. నడక నేర్చిన పిల్లకి పొయ్యి ముట్టుకోవద్దని ఎలా చెబుతారో, రైఫిల్ పట్టిన పిల్లకి గొట్టంలో తుడిచే కడ్డీ పెట్టొద్దని అలా చెబుతారు.

ఇంకో రోజైతే ఏవిస్ నాలుగు తిట్లు తిట్టి, పాతిక తూటాలు మట్టిగట్టులోకి కాల్చుకుని ఊరుకునేది. ఈ రోజు పరీక్ష ఉంది. పరీక్ష తప్పితే సోమవారం నుంచి కొండ మీద విషం.

నాలుగేళ్ళ కిందట కొండ కింద ద్రాక్షతోట వచ్చింది. తోట వెనకాలే పద్నాలుగు కొత్త ఇళ్ళు వచ్చాయి. తుపాకీ చప్పుడుకి తమ గుర్రాలు బెదురుతున్నాయని, పిల్లలు నిద్ర లేస్తున్నారని ఇళ్ళవాళ్ళు కమిటీకి ఉత్తరాలు రాశారు. కుందేళ్ళు మాత్రం ఉత్తరాలు చదువుకోవు కదా. గడ్డి వేళ్ళదాకా తినేసి, కొండ వాలుని గుండు చేసి, ఇప్పుడు ద్రాక్ష మొక్కల బెరడు మీద పడ్డాయి. చప్పుడు లేకుండా గురి తప్పకుండా కొట్టే తూటా ఒకటి తేల్చండి, లేదా విషం పట్టించిన క్యారెట్లు చల్లేద్దాం అని కమిటీ తీర్మానించింది.

ఏ తూటా అన్నది నెల కిందటి మీటింగులోనే తేలిపోయింది. క్లైవ్ మూడు డబ్బాలు తెచ్చి బల్ల మీద పెట్టాడు. ఒకటి వేగం తూటా, ముక్కు గుండ్రంగా గట్టిగా ఉంటుంది. రెండోదీ వేగమే గాని ముక్కులో గుంట. మూడోది నిదానం తూటా, దానికీ ముక్కులో గుంట. క్లైవ్ డబ్బాల మీద అంకెలు చదివి మొదటిదే మేలని చెప్పాడు.

"దీనికి బలం ఎక్కువండీ. దూరం కూడా బాగా వెళ్తుంది."

"దూరం వెళ్తుంది, అదే కదా రోగం" అంది ఏవిస్. "కుందేల్లో ఇటు దూరి అటు బయటికొచ్చి, పలకరాయికి తగిలి ఈలేసుకుంటూ ఎవరి వంటింట్లోకి పోతుందో నీకు తెలుసా, నాకు తెలుసా? కుందేలు మాత్రం అక్కడ పడదు. కడుపులో బొక్కతో బొరియలోకి పాక్కుంటూ పోయి రెండ్రోజులు చస్తుంది. నువ్వు డబ్బా మీద అంకెలు చూశావు అబ్బాయ్. నేను బొరియలో చెయ్యి పెట్టి చూశాను."

"మరి ఈ రెండోది?"

"పడేస్తుంది, కాదనను. చప్పుడే కొరడా దెబ్బలా ఉంటుంది. ఒక్కటి చస్తే నలభై బొరియల్లో దూరతాయి. ఇక గంటసేపు నువ్వు పలకరాళ్ళు లెక్కపెట్టుకోవాలి. కింద ఇళ్ళలోంచి ఫోన్ల మీద ఫోన్లు."

"నిదానంది అయితే?" అన్నాడు క్లైవ్.

"నిదానంది శబ్దం కంటే నెమ్మదిగా పోతుంది. గొట్టం చివర సైలెన్సర్ బిగిస్తే చప్పట్లు కొట్టినంత చప్పుడు కూడా రాదు. పక్కన మేస్తున్న కుందేలు చెవి ఎత్తదు. గుంటముక్కు లోపల విచ్చుకుని అక్కడే ఆగిపోతుంది, దానికి నొప్పి తెలిసే వ్యవధి ఉండదు. డెబ్బై మీటర్లు దాటితే పనికిరాదు, ఒప్పుకుంటా. డెబ్బై మీటర్ల లోపలికి పాక్కుంటూ పోవడం చేతగానివాడు ఇంట్లో కూర్చుని పేకాడుకోవాలి."

రైతులు నవ్వారు, తలలాడించారు. అప్పుడు ఛైర్మన్ మర్డో గాల్‌బ్రెయిత్ గొంతు సవరించుకున్నాడు. ఏవిస్‌తో ఒకే బడిలో చదివినవాడు. గొర్రెలన్నీ అమ్మేసి, భూమి ద్రాక్షతోటవాళ్ళకి కౌలుకిచ్చి, రెండేళ్ళుగా చేతులు కట్టుకుని తిరుగుతున్నాడు. "ఏవిస్ చెప్పిందే నిజం అనుకుందాం. ఒకసారి పరీక్ష పెట్టి చూస్తే ఎవరికీ అనుమానం ఉండదు కదా" అన్నాడు మెత్తగా. కాల్చేది ఏవిస్, తమాతి. అరవై మీటర్ల దూరం, కుందేలు తలకాయంత వలయం, మనిషికి అయిదు తూటాలు, అయిదూ లోపల పడాలి. న్యాయంగానే ఉందనిపించింది. ఏవిస్ తన చెయ్యి తానే ఎత్తి ఒప్పుకుంది.

ఒప్పుకున్నందుకు ఇప్పుడు తన చెంప తానే వాయించుకోవాలనిపిస్తోంది.

"మాకు చెరో పాతిక తూటాలు ఇవ్వు" అంది క్లైవ్‌తో. "అదిగో ఆ మట్టిగట్టులోకి కాల్చుకుంటాం. పావుగంట పని. తర్వాత మీ పరీక్ష మొదలుపెట్టుకోండి."

క్లైవ్ కాగితం చూసుకున్నాడు. "ముందుగా ఒక్కటి కూడా కాల్చకూడదని రాసుందండీ. అందరికీ ఒకే రూలు."

"ఆ రాసినవాడికి బుద్ధుందా?"

"రూలు రూలే ఏవిస్" అన్నాడు మర్డో తన ట్రక్కుకి ఆనుకుని. చేతిలో చీజ్ రోల్, గడ్డం మీద వెన్న. "కొండ మీద కుందేలు నీకు పాతిక తూటాలు ముందిస్తుందా? మొదటి తూటాకే పడాలి కదా మరి."

ఇద్దరు ముగ్గురు రైతులు నేల చూశారు. ఏవిస్ ఆ చూపు గమనించింది. వాళ్ళందరికీ తెలుసు. తుడిచిన గొట్టంతో పరీక్షంటే కాళ్ళు కట్టేసి పరుగు పందెమని అక్కడున్న పది మంది రైతుల్లో ప్రతివాడికీ తెలుసు. ఒక్కడూ నోరు మెదపలేదు. పొద్దున్నే చలి, ఇంటికి పోయి పనులు చూసుకోవాలి, ఛైర్మన్‌తో మనకెందుకులే. మంచివాళ్ళే అందరూ. చెడ్డవాళ్ళతో వేగొచ్చు గాని, మంచివాళ్ళ ఈ మౌనంతో వేగలేం.

ఏవిస్ పడుకుని కాల్చింది. మొదటిది వలయం లోపల పడింది. రెండోది వేలెడు పైన. మూడోది లోపల. నాలుగోది ఎడమకి బయట. అయిదోది లోపల. దూరదర్శినిలోంచి చూస్తున్న క్లైవ్ గొంతులో నిజంగానే బాధ ఉంది. "మూడేనండీ."

తమాతికి రెండే పడ్డాయి. ఎప్పుడూ ఏదో ఒకటి అని నవ్వించేవాడు, ఈసారి లేచి మోకాళ్ళు దులుపుకున్నాడు, అంతే.

"పాపం" అన్నాడు మర్డో. "నిదానం తూటాతో ఇదే చిక్కు, నేను మొదటినుంచీ అనుకుంటూనే ఉన్నా. సరే క్లైవ్, క్యారెట్ల లారీకి ఫోన్ చేసి సోమవారానికి ఖాయం చెయ్యి."

ఆవల ఏవిస్ ట్రక్కులోంచి, కిటికీ అద్దానికి ముక్కు ఆనించి పిప్ చూస్తోంది. మోకాలి ఎత్తు టెర్రియర్ కుక్క. కొట్టిన కుందేలు పొదల్లో పడితే వెతికి తెచ్చేది అదే. ఏవిస్ దాని వైపు చూడలేకపోయింది. దీనికి ముందు మాస్ ఉండేది. తొమ్మిదేళ్ళ కిందట పక్క లోయలో విషం చల్లినప్పుడు మూడు నెలలు కుక్కల్ని రానివ్వొద్దని బోర్డులు పెట్టారు. ఏవిస్ నాలుగు నెలలు ఆగింది. నాలుగు నెలలు ఆగినా, ముళ్ళగులాబీ పొద కింద విషం తిని చచ్చి ఎండిపోయిన కుందేలు తోలు ఒకటి మాస్ నోటికి దొరికింది. ఆ మధ్యాహ్నం మాస్ అరుస్తూ, గోడలకీ కంచెలకీ గుద్దుకుంటూ, తన యజమానిని తానే గుర్తుపట్టకుండా పరిగెత్తింది. గంటన్నర అలా పరిగెత్తింది. చివరికి ఏవిస్ ఈ రైఫిలే తెచ్చి దాని బాధ తీర్చింది. ఆ సంగతి ఈ పది మందికీ తెలుసు. మర్డో అయితే గొయ్యి తవ్వడానికి పార పట్టుకుని వచ్చాడు కూడా.

"క్లైవ్" అంది ఏవిస్. గొంతు పెంచలేదు, అందుకే తమాతి తలెత్తి చూశాడు. "ఒక్క మాట చెప్పు. రైఫిళ్ళు తుడవాలన్న ఆలోచన నీకే వచ్చిందా?"

"లేదండీ. నాకు ఈ చిన్న రైఫిళ్ళ సంగతి పెద్దగా తెలీదు. ఛైర్మన్‌గారే చెప్పారు, ఇద్దరివీ శుభ్రంగా ఉంటే పరీక్ష సమానంగా ఉంటుందని. తన కడ్డీ కూడా ఆయనే ఇచ్చారు."

"తన కడ్డీనా?"

"ఇదిగోనండీ." క్లైవ్ బల్ల కింది సంచిలోంచి తీసి ఇచ్చాడు.

ఏవిస్ కడ్డీని చేతిలో తిప్పి చూసింది. పిడికి దారంతో కట్టిన చీటీ ఇంకా వేలాడుతోంది. ఊళ్ళో పనిముట్ల కొట్టు చీటీ. దాని మీద తారీకు పోయిన గురువారంది.

ఆ చీటీ చూశాక లేచిన కోపం వేరు. క్లైవ్ మీద మండింది మంటే కాదు. తెలియనివాడు తెలియక చేశాడు, తిట్టి వదిలేయొచ్చు. ఇది తెలిసినవాడి పని, మర్డో పని. ఏమీ తెలియని మనిషిని పట్నంలోంచి వెతికి తెచ్చి, వాడి చేతికి కొత్త కడ్డీ కొనిచ్చి, వాడి మంచితనంతోనే తన గొంతు కోయించాడు. ద్రాక్ష చిగురు వేసేలోపు ఒక్క కుందేలు లేకుండా చేస్తానని తోటవాళ్ళకి మాటిచ్చాడని లోయంతా అనుకుంటోంది. విషమైతే వారంలో పని అయిపోతుంది. కాపాడుకోవడానికి మర్డోకి ఇప్పుడు కుక్కలు కూడా లేవు.

ఏవిస్ కడ్డీ పట్టుకుని మర్డో ట్రక్కు దగ్గరికి నడిచింది. వెనక సీటు మీద పొడుగాటి తోలుసంచి కనపడుతోంది. మధ్యాహ్నం ఇదే మైదానంలో రైఫిల్ క్లబ్బు చలికాలపు కప్పు పోటీ ఉంది. ఆ పోటీ కూడా పాయింట్ టూ టూతోనే, కప్పు ఆరుసార్లు మర్డోదే.

"మర్డో, నీ రైఫిల్ దించు."

"ఎందుకు?"

"ఈ అబ్బాయి తుడుస్తాడు. నీ కడ్డీతోనే."

మర్డో చీజ్ రోల్ మింగాడు. "పరీక్ష నీది, నాది కాదు. నా రైఫిల్ గొడవ ఇక్కడెందుకు?"

"మధ్యాహ్నం కప్పుకి కాలుస్తావుగా. శుభ్రంగా ఉంటే మంచిది కదా. మా ఇద్దరివీ తుడిపించినవాడివి, నీదెందుకు మర్చిపోయావో అని."

"వేళాకోళం చాలు ఏవిస్."

"వేళాకోళం ఏముంది? సమానం అన్నావు. సమానంగా ఉందాం. క్లైవ్, ఇటు రా."

క్లైవ్ నిజంగానే వచ్చాడు. ద్రావకం సీసా ఒక చేత్తో, గుడ్డముక్కలు ఒక చేత్తో పట్టుకుని, సాయం చేసే ఉత్సాహంతో వచ్చాడు. "అరగంట పనే సార్. మీదైతే ఇంకా త్వరగా అయిపోతుంది, మీరు బాగానే ఉంచుకుని ఉంటారు." అంటూ ట్రక్కు తలుపు పిడి మీద చెయ్యి వేశాడు.

"ముట్టుకున్నావంటే చెయ్యి విరగ్గొడతాను!"

అరుపు కొండకి తగిలి తిరిగొచ్చింది. మర్డో వీపు తలుపుకి ఆనించి, రెండు చేతులూ అడ్డం పెట్టి నిలబడ్డాడు. చీజ్ రోల్ నేల మీద పడింది. క్లైవ్ సీసా పట్టుకుని అలాగే కొయ్యబారిపోయాడు. తనేం తప్పు చేశాడో అతనికి ఒక్క క్షణం అర్థం కాలేదు. తర్వాత అర్థమైంది. చెవుల దాకా ఎర్రబడి, చేతిలో సీసా వంక, మర్డో వంక మార్చి మార్చి చూశాడు.

"అంటే సార్, తుడిస్తే పాడవుతుందా? మీకు ముందే తెలుసా?"

మర్డో కాలితో చీజ్ రోల్‌ని ట్రక్కు కిందికి తోశాడు.

"తెలీకేం నాయనా" అంది ఏవిస్. "వాళ్ళ నాన్న ఒకసారి వీడి వీపు చిట్లగొట్టాడు, గొట్టంలో కడ్డీ పెట్టాడని. అప్పుడు వీడికి తొమ్మిదేళ్ళు. ఏడుస్తూ బడికొచ్చాడు." ఆమె రైతుల వైపు తిరిగింది. "మీకూ తెలుసు. పది మందీ నిలబడి చూశారు. మీ ఇళ్ళలో కుక్కలు లేవా? మాస్ ఎలా చచ్చిందో మీలో సగంమంది కళ్ళారా చూడలేదా? చలేస్తోందని నోళ్ళు మూసుకున్నారా, లేక వీడంటే భయమా? సిగ్గనిపించట్లేదూ?"

ఎవరూ ఆమె మొహం చూడలేదు. వెనక వరసలోంచి ఒక ముసలి గొంతు మాత్రం, "ఆ పాతికా ఇచ్చెయ్ క్లైవ్. ఇచ్చి మళ్ళీ పెట్టు" అంది. "ఇచ్చెయ్, ఇచ్చెయ్" అన్నారు మిగతావాళ్ళు. పొద్దున్నే అని ఉంటే ఏం పోయేదో అనుకుంది ఏవిస్. ఆమెకి ఆ మాటలు సంతోషం కలిగించలేదు.

ఇద్దరూ చెరో పాతిక తూటాలు మట్టిగట్టులోకి కాల్చారు. కోపంతో గురి కుదరదని అంటారు, ఏవిస్‌కి ఆ అలవాటు లేదు. ఆమె కోపం భుజాల దాకా వచ్చి ఆగిపోతుంది, వేళ్ళలోకి దిగదు. తమాతి పక్కన పడుకుని, "ఆంటీ, కాగితం మీద ఛైర్మన్‌గారి మొహం గీయమంటావా?" అని మెల్లగా అడిగాడు. ఆమె నవ్వలేదు గాని, ఊపిరి కాస్త తేలికైంది.

క్లైవ్ కొత్త కాగితాలు తగిలించి వచ్చాడు. ఏవిస్ అయిదు కాల్చింది. తమాతి అయిదు కాల్చాడు. క్లైవ్ ఈసారి దూరదర్శినిని నమ్మకుండా అరవై మీటర్లూ నడిచి వెళ్ళి, కాగితాలు ఊడదీసి చేత్తో పట్టుకొచ్చాడు. ఏవిస్‌వి అయిదూ వలయం లోపలే, నాలుగు కలిసిపోయి ఒకే చిరుగులా ఉన్నాయి. తమాతివీ అయిదూ లోపలే. కాగితాలు చేతులు మారుతూ అందరి దగ్గరికీ వెళ్ళాయి.

"ఓటు పెడతానండీ" అన్నాడు క్లైవ్. అతని గొంతులో పొద్దుటి ఉత్సాహం లేదు, ఛైర్మన్ వంక చూడటం కూడా మానేశాడు. "నిదానం తూటా, విషం వద్దు. ఒప్పుకునేవాళ్ళు చెయ్యెత్తండి."

అందరికంటే ముందు లేచిన చెయ్యి మర్డోది.

ట్రక్కు పక్కన నిలబడి, మొదటినుంచీ తన ఉద్దేశం ఇదే అన్నట్టు, నిటారుగా ఎత్తాడు. ఆ చేతిని చూసి ధైర్యం వచ్చినట్టు మిగతావి ఒక్కొక్కటే లేచాయి. ఏవిస్‌కి ఆ పొద్దున్నుంచీ రానంత కోపం అప్పుడొచ్చింది. మోసం చేసినప్పుడు కూడా ఇంత మండలేదు. రేపు కొట్లో నిలబడి, కొండని విషం నుంచి కాపాడింది మనమే అని చెప్పుకుంటాడు. వచ్చే ఏడాది మళ్ళీ ఛైర్మన్ అవుతాడు.

"దించు ఆ చెయ్యి" అంది.

"ఏవిస్, నేను నీ వైపే..."

"దించమన్నాను మర్డో. నీ దయతో నా కుక్క బతకనక్కర్లేదు."

మర్డో చుట్టూ చూశాడు. ఈసారి నేల చూసినవాళ్ళెవరూ లేరు, పది మందీ చేతులు ఎత్తే ఉంచి అతన్నే చూస్తున్నారు. మర్డో చెయ్యి దించి జేబులో పెట్టుకున్నాడు. క్లైవ్ లెక్కపెట్టి, కాగితం మీద పది అని రాశాడు.